అరవై రెండు తక్కువ మార్కులా?

ఆగస్టు వచ్చిందంటే మా శ్రీనగర్ కాలనీలో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఒకటే హడావుడి. హాలు మధ్యలో తెరిచిన సూట్‌కేసు, పక్కన తూకం మిషను. ఆవకాయ సీసాకి మూత బిగించి, దానికో కవరు, ఆ కవరుకి మరో కవరు. అమ్మాయి ఇంగ్లండులో ఎమ్మెస్సీ చదవడానికి వెళుతోంది మరి! "ఏడాదేగా వదినా, ఎంతలో తిరిగొస్తుంది!" అని పైకి అంటుందే గానీ, ఆ తల్లికి నెల రోజులుగా కంటిమీద కునుకు లేదు.

అడ్మిషను, వీసా, లోను సంగతులు చెప్పడానికి అమీర్‌పేట, పంజగుట్టల్లో అడుగడుక్కీ కన్సల్టెన్సీ బోర్డులున్నాయి. పిల్ల వెళ్ళాక మనం ఇక్కడ ఎలా మసలుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ వారం మన కబుర్లు దాని గురించే.

ముందు ఆ ఏడాది ఎలా నడుస్తుందో చూడండి. సెప్టెంబరు చివర్లో క్లాసులు మొదలు. క్రిస్మస్ దాకా ఒక టర్మ్, ఈస్టర్ దాకా రెండోది, ఆపైన పరీక్షలు. వేసవిలో సెలవులని మనం అనుకునే నెలలన్నీ డిసర్టేషన్ రాయడానికే సరిపోతాయి. మన దగ్గర రెండేళ్ళు పట్టే చదువు అక్కడ పన్నెండు నెలల్లో అయిపోవాలి. క్లాసులు వారానికి కొద్ది గంటలే; మిగతాదంతా ఎవరికి వాళ్ళు చదువుకోవాల్సిందే. నోట్సు చెప్పే లెక్చరరు ఉండడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించేస్తే ఇక్కడ మార్కులు పడతాయి. అక్కడ ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పకుండా రాస్తే దొంగతనం కింద లెక్క, పిలిచి విచారిస్తారు కూడా.

ఇక అసలు సంగతి. మా బ్లాకులో ఒకావిడ దిగులుగా చెప్పింది. "బీటెక్‌లో ఎనభై ఏడు శాతం తెచ్చుకున్న పిల్లండీ! అక్కడ మొదటి పేపర్లో అరవై రెండట. ఏం వెలగబెడుతోందో!" ఫోన్లో కూతుర్ని గట్టిగానే దులిపిందట. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆ పిల్ల మార్కుల ఊసే ఎత్తడం లేదట.

అక్కడి ఎమ్మెస్సీల్లో మామూలుగా 50 వస్తే పాసు, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. ఎనభైలు చాలా అరుదు. అంటే ఆ అమ్మాయికి వచ్చిన 62 మెచ్చుకోవలసిన మార్కన్న మాట! భాష కొత్త, పద్ధతి కొత్త, సాయంత్రం నాలుగింటికే చీకటి పడే డిసెంబరు కొత్త. అంత కష్టపడి తెచ్చుకున్న మార్కు చెబితే తిట్లు తిన్న పిల్ల, రేపు ఒంట్లో బాగోలేకపోయినా "బాగానే ఉన్నానమ్మా" అంటుంది. గదిలో ఒంటరిగా ఏడ్చినా అదే మాట. మార్కుల కన్నా నాకు ఆ "బాగానే ఉన్నా" అంటేనే భయం.

డబ్బు సంగతీ అంతే. చాలా ఇళ్ళలో ఈ చదువు కోసం ఇంటి కాయితాలే బ్యాంకులో ఉంటాయి. ఆ బరువు పిల్లలకి తెలియక కాదు. "ఎదురింటి వాళ్ళబ్బాయి అప్పుడే ఇంటికి డబ్బు పంపుతున్నాట్ట" అని మనం ఒక్క మాట విసిరామనుకోండి, అది అక్కడ ములుకులా గుచ్చుకుంటుంది. డిగ్రీ, ఎమ్మెస్సీ చదివేవాళ్ళు టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అది వీసా షరతు. ఆ జీతం తిండికీ బస్సు చార్జీలకీ ఆసరా అవుతుంది గానీ, ఫీజు కట్టేటంత రాదు. దాటి చాటుగా పనిచేస్తే చదువుతో పాటు వీసాకే ఎసరు. 2021 జూలైలో మొదలైన గ్రాడ్యుయేట్ వీసా, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి వ్యవధి ఇస్తుంది, ఉద్యోగం ఇవ్వదు. కాబట్టి ఏడాదికి సరిపడా ఖర్చు వెళ్ళేముందే కాగితం మీద వేసుకుని, అప్పు ఎంతో, ఎవరు తీర్చాలో పిల్లతో కూర్చుని మాట్లాడండి. దాచిపెట్టకండి.

ఫోన్ ఎప్పుడు చేయాలి? చలికాలంలో వాళ్ళు మనకన్నా అయిదున్నర గంటలు వెనక. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా నాలుగున్నర. మీరు పొద్దున్నే ఆరింటికి కాఫీ తాగుతూ చేస్తే అక్కడ జనవరిలో అర్ధరాత్రి పన్నెండున్నర! మన రాత్రి తొమ్మిదిన్నర వాళ్ళకి సాయంత్రం నాలుగు, అది నయం. ఒక్కరోజు ఎత్తకపోతే కంగారుపడి స్నేహితులందరికీ చేయకండి. 1895లో మన హైదరాబాదు నుంచి పదహారేళ్ళ సరోజిని (తర్వాత సరోజినీ నాయుడు) నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్ళి, లండన్ కింగ్స్ కాలేజీలో, కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలో చదివి 1898లో తిరిగొచ్చింది. ఆ రోజుల్లో ఇంటి ఉత్తరం ఓడ మీద రావాలి!

జబ్బు చేస్తే ఎలా అని బెంగపడకండి. వీసాతోపాటే వైద్యానికి రుసుము కట్టించుకుంటారు. వెళ్ళిన మొదటి వారంలోనే దగ్గర్లోని డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకోమనండి. ఇది చాలామంది పిల్లలు వాయిదా వేసే పని.

సామాను సంగతి చెప్పకపోతే ఈ పేజీ పాఠకులు ఊరుకోరుగా! మాంసంతో, పాలతో చేసినవి మన దేశం నుంచి బ్రిటన్‌కు తీసుకెళ్ళనివ్వరు. అంచేత చికెన్ పచ్చడి, పాలకోవా, నెయ్యి డబ్బా పెట్టకండి. పచ్చి కరివేపాకూ వద్దు. కుక్కరు కొనేముందు అక్కడి పొయ్యి ఇండక్షనా అని అడగండి. అయితే మామూలు అల్యూమినియంది పనికిరాదు, అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చే స్టీలుది కావాలి. ఇంకొకటి. హాస్టళ్ళలో పొగ పసిగట్టే అలారాలుంటాయి. ఎండుమిర్చి పోపు మాడిందో, అది మోగి భవనంలో వాళ్ళంతా చలిలో రోడ్డు మీద నిలబడాలి! ఫ్యాను వేసి, సన్నని సెగ మీద, మూత పెట్టి వేయించుకోమనండి. లేదంటే ఇక్కడే వేయించి కందిపొడి, కరివేపాకు పొడి చేసి ఇవ్వండి. నెయ్యి అక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది లెండి.