బోర్డు మారింది, పాస్‌బుక్ పారేయకండి

"అమ్మ పాస్‌బుక్ మీద ఆంధ్రా బ్యాంకు అని ఉంది. ఇప్పుడా బ్యాంకే లేదట. మరి డబ్బులు?" అని మనలో చాలామంది అడుగుతున్నారు. డబ్బులు ఎక్కడికీ పోలేదు. ముందు ఆ బ్యాంకు కథ కొంచెం విందాం.

అది పుట్టింది మన బందరులోనే. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923 నవంబరు 20న రిజిస్టరు చేయించారు. అదే నెల 28న పని మొదలైంది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1980 ఏప్రిల్‌లో జాతీయం చేశారు. మరుసటి ఏడే, మన దేశంలో క్రెడిట్ కార్డు అంటే ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియని రోజుల్లో, ఈ బ్యాంకు కార్డులిచ్చింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

పుస్తకాల్లో రాసే చరిత్ర ఇంతే. మన ఊరి బ్రాంచి చరిత్ర మాత్రం వేరు. ఇత్తడి టోకెను పట్టుకుని బల్ల మీద కూర్చోవడం, పేరు పిలిచేదాకా ఎదురుచూపు, లావుపాటి లెడ్జర్లు! నాట్లప్పుడు అమ్మల మెడలోని బంగారం ఆ బ్రాంచి లాకరుకు వెళ్ళేది, పంట చేతికొచ్చాక ఇంటికొచ్చేది. ఒక్కో ఏడాది వచ్చేది కాదు కూడా. తర్వాత మనం గల్ఫుకొచ్చాం, మన జీతాలు అక్కడికి వెళ్ళాయి. ఆ లెడ్జర్లలో మగవాళ్ళ పేర్లే ఎక్కువ ఉండొచ్చు గానీ, వాటి వెనక కష్టంలో సగం ఆడవాళ్ళదే కదా!

అందుకే ఈ పని చేయండి. రెండేళ్ళు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది. పదేళ్ళు అలాగే ఉంటే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది. అయినా హక్కు పోదు. ఖాతాదారు గానీ, వారసులు గానీ ఎప్పుడైనా బ్యాంకులోనే అడగొచ్చు. రిజర్వు బ్యాంకు 2023లో తెచ్చిన 'ఉద్గమ్' వెబ్‌సైటులో అమ్మ పేరు, పాన్ నంబరో పుట్టిన తేదీయో పెట్టి వెతకొచ్చు. దీనికి ఏజెంట్లెవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పకండి.

ఇంకో మాట. పెళ్ళికి ముందు తెరిచిన మీ సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే ఉందా? విదేశంలో స్థిరపడ్డాక దాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. నామినీ పేరు ఉందో లేదో కూడా చూసుకోండి.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా అమ్మా" అన్నాక, బీరువా తెరిచి పాత పాస్‌బుక్కులన్నీ ఫొటో తీసి పంపమనండి. నాన్నవి కూడా. అమ్మమ్మ సంతకం పెట్టిన కాగితం ఏదైనా దొరికితే, అది మాత్రం భద్రంగా దాచుకోండి.