బొగ్గు అయిపోయినా బాయిని చెరిపేయకండి

సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లో పెరిగి, కంపెనీ దవాఖానలో మందులు తెచ్చుకుని, బాయిలో, అంటే బొగ్గు గనిలో, నాన్న చేసిన డ్యూటీల జీతంతో చదువుకున్న వేలమందిలో నేనొకణ్ణి. మీకు అందే వినతిపత్రాల్లో చాలావరకు కారుణ్య నియామకాల గురించో, లాభాల్లో వాటా గురించో, నిర్వాసితుల పరిహారం గురించో ఉంటాయి. అవన్నీ న్యాయమైన కోరికలే. ఈ లేఖ మాత్రం కట్టడాల గురించి. మూతపడుతున్న గనుల దగ్గర ఇంకా నిలబడి ఉన్న హాజరు వేసే మస్టర్ గదులు, ల్యాంపు రూములు, బొగ్గు టబ్బులను లాగే హాలర్ ఇళ్లు, గనిలోకి వాలుగా దిగే ఇంక్లయిన్ ముఖద్వారాలు, పాత క్వార్టర్ల వరుసలు స్క్రాపు లెక్కలోకి పోకముందే వాటిలో కొన్నింటిని కాపాడమని అడగడానికి రాస్తున్నాను.

కంపెనీ చరిత్ర మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించారు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో బొగ్గు ఉత్పత్తి మొదలైంది. 1920 డిసెంబరు 23న ఇప్పటి పేరుతో సంస్థ పుట్టింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది. ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి దాటి 1960ల మొదట్లో గనులు గోదావరి ఒడ్డుకు వచ్చాయి. చుట్టుపక్కల జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చినవాళ్లతో ఇక్కడొక ఊరు మొలిచింది. ఇంత చరిత్ర ఉన్న ఊరికి చుట్టమెవరైనా వచ్చి, మీ నాన్న పనిచేసిన బాయి ఏదీ అని అడిగితే, కంచెకు ఇవతల నిలబడి అదిగో అటువైపు ఉండేది అని చెయ్యి చూపించాల్సి వస్తోంది. కూడళ్లలో తట్ట, పలుగు పట్టుకున్న కార్మికుడి బొమ్మలు పెట్టుకున్నాం. ఆ కార్మికుడు మస్టర్ పడి, దీపం కట్టుకుని, దిగిన చోటు మాత్రం ఏటికేడు కనుమరుగైపోతోంది.

అది రెండు రకాలుగా పోతోంది. భూగర్భ గని మూతపడితే మోటార్లు, పంపులు, రోపులు వేరే గనికి తరలుతాయి. ఇంక్లయిన్ మూతికి గోడ కడతారు. పనికిరాని ఇనుము వేలానికి పోతుంది. కిటికీలు, తలుపులు, రేకులు ఎవరికి అందినవి వాళ్లు పట్టుకుపోతారు. నాలుగు వానాకాలాలు గడిచేసరికి సర్కారు తుమ్మ కమ్మేస్తుంది. ఇది నెమ్మదిగా జరిగే పని. రెండోది వేగంగా జరుగుతుంది. భూగర్భ గని ఓపెన్‌కాస్టుగా మారినప్పుడు పైనున్న కట్టడాలే బొగ్గుకు అడ్డమవుతాయి. అప్పుడు ఆఫీసు, క్యాంటీను, గని ముందరి అమ్మవారి గుడి, వాటికి దారితీసే రోడ్డు, ఒక్కోసారి పక్కనున్న ఊరు కూడా పోతాయి. గోదావరిఖనిలోని జీడీకే-5 ఇంక్లయిన్ ఓపెన్‌కాస్టు అయింది. ఓసీపీ-2 ఓపెన్‌కాస్టు గని కోసం లద్నాపూర్ ఊరి జనం ఇళ్లు వదిలారు. బొగ్గు తీయొద్దని నేను అనడం లేదు. ఆ బొగ్గే మాకు అన్నం పెట్టింది. తీసేముందు అక్కడ ఏముందో రాసి పెట్టుకున్నామా అన్నదే నా ప్రశ్న.

ఒక్క ల్యాంపు రూమునే తీసుకోండి. బయటివాళ్లకు అది బ్యాటరీలు చార్జింగు పెట్టే గది. లోపల ఇనుప ర్యాకుల మీద వరుసగా నంబర్లుంటాయి. ఏ కార్మికుడి దీపం ఏ నంబరుదో ఖాయం. టోకెన్ ఇచ్చి దీపం తీసుకోవాలి. షిఫ్టు దిగి వచ్చాక దీపం తిరిగి అదే నంబరు దగ్గర పెట్టాలి. షిఫ్టు అయిపోయినా ర్యాకులో ఒక నంబరు ఖాళీగా ఉందంటే, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. పాత దీపాల బ్యాటరీల్లోంచి యాసిడ్ కారి నాన్న ప్యాంటుకు నడుము దగ్గర ఎప్పుడూ చిల్లులే. అమ్మ అతుకులు వేసీ వేసీ విసిగిపోయేది. నాన్న టిఫిను మరిచిపోయిన రోజుల్లో నేను తీసుకెళ్లి ఇచ్చేది ఆ ల్యాంపు రూము కిటికీ దగ్గరే. ఏళ్ల తరబడి వేలమంది మోచేతులు ఆనించి ఆనించి ఆ కిటికీ గట్టు నున్నగా అయిపోయింది. ఆ గట్టును చూసిన పిల్లవాడికి గని పని అంటే ఏమిటో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనంత బాగా తెలుస్తుంది.

2003 జూన్ 16న జీడీకే-7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, జీడీకే-8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. ప్రమాదమన్న మాట చెవిన పడగానే గని కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లు పరుగెత్తేది గని ఆఫీసు ముందుకే, ల్యాంపు రూము ముందుకే. మన చరిత్రలో అతి బరువైన గంటలు ఈ సాదాసీదా కట్టడాల ముందు గడిచాయి. వీటికి విలువ కట్టేటప్పుడు సిమెంటు, ఇనుము ధరలతో ఆగిపోతే ఎలా?

గనుల నియమాల్లో మీకు బాగా తెలిసిన ఒక మాటను ఇక్కడ గుర్తుచేస్తాను. గనిని వదిలేసేటప్పుడు దాని లోపలి ప్లాన్లను అధికారులకు అప్పగించి భద్రపరచాలి. ఎందుకంటే రేపు పక్కన తవ్వేవాళ్లకు పాత గని ఎంతవరకు వెళ్లిందో, నీళ్లు ఎక్కడ నిలిచి ఉంటాయో తెలియాలి. తెలియకపోతే ప్రాణాలు పోతాయి. భూమి కింద ఏముండేదో మరిచిపోకూడదని ఇంత గట్టి ఏర్పాటు చేసుకున్నాం. భూమి పైన ఏముండేదో, అక్కడ మనుషులు ఎలా బతికారో మరిచిపోకుండా ఉండడానికి కూడా ఒక ఏర్పాటు కావాలి.

అలాంటి ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో మన కళ్లముందే చూశాం. వరంగల్లులో 1934లో మొదలైన అజంజాహీ బట్టల మిల్లు 2002లో మూతపడింది. యంత్రాలు వేలానికి పోయాయి, స్థలం ప్లాట్లయింది. తరతరాల కార్మికులకు అన్నం పెట్టిన మిల్లు ఎలా ఉండేదో ఈనాటి వరంగల్లు పిల్లలకు పాత ఫొటోల్లోనే చూపించాలి. 2024 ఆగస్టు 5న పాల్వంచలో పాత కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) ఎనిమిది కూలింగ్ టవర్లను పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. వాటి కింద పనిచేసి రిటైరైనవాళ్లు దూరంగా నిలబడి చూశారు. మా రామగుండంలో 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల బీ థర్మల్ కేంద్రం కూడా 2024లోనే ఆగిపోయింది. ఇవి మీ సంస్థవి కావు, నాకు తెలుసు. అన్నీ నిలబెట్టాలనీ అనను. పనికిరాని బాయిలరు పక్కన జనం భయంతో బతకాల్సిన అవసరం లేదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న ఆలోచన ఎవరో ఒకరు చేసి తీసేయడం వేరు, ఆ ఆలోచనే లేకుండా తీసేయడం వేరు.

మా పెద్దపల్లి జిల్లాలో వారసత్వం అనగానే రామగిరి ఖిల్లా, ధూళికట్ట బౌద్ధ స్తూపం, మంథని గుళ్లు గుర్తుకొస్తాయి. గుర్తుకు రావాలి కూడా. 2017లో తెలంగాణకు సొంత వారసత్వ చట్టం వచ్చింది. అయినా అరవై ఏళ్ల కిందట ఇటుక, రేకులతో కట్టిన గని ఆఫీసును వారసత్వమని ఎవరూ అనుకోరు. రామగిరి ఖిల్లా కట్టినప్పుడు అది కూడా కొత్తదే. దానికి రాళ్లు మోసినవాళ్ల పేర్లు మనకు ఒక్కటీ దక్కలేదు. గనుల విషయంలో ఆ పొరపాటు జరగకుండా చూసుకునే వీలు మనకుంది. ఎందుకంటే ఆ గనుల్లో తట్ట మోసినవాళ్లు, టబ్బులు నింపినవాళ్లు, సర్దార్లు, ఓవర్‌మెన్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వాళ్లు ఎక్కువ కాలం ఉండరు.

మీ అధికారుల దగ్గర్నుంచి వచ్చే అభ్యంతరాలు ఊహించగలను. మొదటిది భద్రత. మూసిన గనిలో గ్యాసు చేరుతుంది, నీళ్లు నిలుస్తాయి, బొగ్గు తనంత తానే అంటుకుంటుంది. నిజమే. అందుకే గని లోపలికి దారి తెరవమని అడగడం లేదు. పైనున్న కట్టడాలు, మూసిన ఇంక్లయిన్ మూతి చాలు. రెండోది క్వార్టర్లు. పాత క్వార్టర్లలో పైకప్పులు కారుతాయి, పెచ్చులు ఊడుతాయి, బ్లాస్టింగు జరిగినప్పుడల్లా గోడలు అదురుతాయి. చరిత్ర పేరు చెప్పి కార్మికుల కుటుంబాలను అలాంటి ఇళ్లలో ఉంచమనే హక్కు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. వాళ్లకు మంచి ఇళ్లు కట్టండి. పాత వరుసల్లో ఒక్కటి, పెరట్లో నల్లాతో, ముందర వేపచెట్టుతో, ఉన్నది ఉన్నట్టుగా బాగుచేసి ఉంచండి. మూడోది డబ్బు. గని మూసివేత కోసం కేంద్రం 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎస్క్రో ఖాతాలో ఏటా సొమ్ము జమ అవుతోంది. గని మూశాక అక్కడి వసతులను స్థానికులకు ఎలా ఉపయోగపెట్టాలో ఆలోచించడం కూడా మూసివేత ప్రణాళికలో భాగమే. కొత్త పద్దు పుట్టించాల్సిన అవసరం లేదు. ఉన్న పద్దులో ఈ పనికి చోటివ్వాలి.

ఇతర దేశాల్లో ఇది ఎప్పుడో జరిగింది. వేల్స్‌లోని బ్లయనావన్‌లో 1980లో మూతపడిన బిగ్ పిట్ గనిని 1983 నుంచి జనం చూసేందుకు తెరిచారు. అక్కడ సందర్శకులను వెంట తీసుకెళ్లి చూపించేది గనుల్లో పనిచేసినవాళ్లే. ఉత్తర ఫ్రాన్సులోని బొగ్గు బెల్టును 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు గనులతో పాటు కార్మికుల కాలనీలు, బళ్లు, మట్టి గుట్టలు కూడా ఆ జాబితాకెక్కాయి. ఇండోనేషియాలోని సావాలుంటో చిన్న బొగ్గు పట్టణం. డచ్చి పాలనలో అక్కడ గొలుసులు వేసిన ఖైదీల చేత బొగ్గు తవ్వించారు. ఆ గనులు, రైలుమార్గం 2019లో ప్రపంచ వారసత్వంలో చేరాయి. ఆ ఖైదీల కష్టాన్ని అక్కడివాళ్లు దాచిపెట్టలేదు, ఊరికి వచ్చినవాళ్లకు దాని గురించి కూడా చెబుతారు. మన దగ్గర కూడా తీపి, చేదు రెండూ చెప్పే చోటు కావాలి. ఉత్పత్తి రికార్డుల పక్కనే సమ్మెల కథ, ప్రమాదాల్లో పోయినవాళ్ల పేర్లు ఉండాలి.

మీ సంస్థకు ఈ దారి కొత్తది కాదు. 2022 డిసెంబరులో ఆర్టీసీతో కలిసి సింగరేణి దర్శన్ యాత్ర మొదలుపెట్టారు. బొగ్గు ఎలా వస్తుందో చూడాలన్న కుతూహలం జనంలో ఉందని దానితో తేలింది. మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం పెట్టే ఆలోచన కూడా చేస్తున్నారు. బొగ్గు తీసేసిన గుంతకే రెండో బతుకు ఉంటుందని నమ్మిన సంస్థ, బొగ్గు తీసిన మనుషుల జాడకు కూడా చోటివ్వగలదు.

అందుకని నేను అడుగుతున్నవి ఇవి.

మొదటిది: రామగుండం మూడు ఏరియాల్లో మూతపడిన, మూతపడబోతున్న గనుల ఉపరితల కట్టడాలన్నింటికీ ఒక జాబితా తయారుచేయించండి. కొలతలు, ఫొటోలతో పాటు ఆ గనిలో పనిచేసి రిటైరైనవాళ్ల మాటలు కూడా అందులో చేరాలి. ఆ జాబితా పూర్తయ్యేదాకా ఆయా గనుల కట్టడాల కూల్చివేత, స్క్రాపు టెండర్లు ఆపండి.

రెండోది: గోదావరిఖనిలో ఒక గని ఉపరితలాన్ని మొత్తంగా ఉంచండి. మస్టర్ గది, ల్యాంపు రూము, హాలరు, టబ్బులు, రెస్ట్ షెల్టరు, ఇంక్లయిన్ మూతి, గుడి, అన్నీ ఉన్నచోటనే ఉండాలి. ఒక్కో వస్తువును ఊడబెరికి పార్కులో పచ్చగడ్డి మధ్య రంగులేసి నిలబెడితే అది అలంకారమవుతుంది, గని అనిపించదు. ఏ గనిని ఉంచాలో కార్మిక సంఘాలను, రిటైరైనవాళ్లను కూర్చోబెట్టి తేల్చండి.

మూడోది: మస్టర్ రిజిస్టర్లు, పాత ప్లాన్లు, ఫొటోలు, ప్రమాదాల విచారణ నివేదికలు చెదలు పట్టకముందే ఒకచోట చేర్చి, విద్యార్థులు, పరిశోధకులు చూసేలా తెరవండి.

నాలుగోది: ఆ గనిని చూపించే పని రిటైరైన కార్మికులకు, వాళ్ల పిల్లలకు ఇవ్వండి. గని పైకప్పు శబ్దాన్ని బట్టి అది ఎప్పుడు కదులుతుందో పసిగట్టగలిగిన మనిషి చెబితే ఆ గని ఎవరికైనా అర్థమవుతుంది.

ఐదోది: ప్రమాదాల్లో చనిపోయినవాళ్ల పేర్లన్నీ, ఏ గని, ఏ తేదీ అన్న వివరాలతో, ఆ గని ముందర ఒక గోడ మీద చెక్కించండి.

వీటిలో మొదటిదానికి పెద్ద ఖర్చు లేదు, మీ సంతకం చాలు. సంస్థ పుట్టినరోజైన డిసెంబరు 23న ఏటా జెండా ఎగరేసి, మంచి పనిచేసినవాళ్లను సన్మానిస్తారు. వచ్చే డిసెంబరు 23న, ఆ వేదిక మీద నుంచే, రామగుండం గనుల కట్టడాల మొదటి జాబితాను విడుదల చేయండి. ఏ గనిని ఉంచుతున్నారో ఆ రోజే ప్రకటించండి. జాబితా తయారీకి మనుషులు కావాలంటే గోదావరిఖనిలో ప్రతి వీధిలో దొరుకుతారు. మేం ఎండలో నిలబడి కొలతలు పడతాం, మా నాన్నల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు రాసుకుంటాం.

గౌరవంతో,
గోదావరిఖని నుంచి
ఒక గని కార్మికుడి కొడుకు