మధ్య యుగం అంటే దేని మధ్య?



ఈసారి గోడ పత్రికకి కవిత రాయమన్నారు. నాకు కవిత రాదు. చెప్పాల్సిన మాట మాత్రం ఒకటుంది, అది రాస్తున్నాను. కాస్త పొడుగైంది. అన్నం గంట కొట్టేలోపు సగం చదివి, మిగతాది రేపు చదవండి.

మీకు తెలుసు, పోయిన నెల సాయంత్రం స్టడీ అవర్‌లో ఏడో తరగతి చెల్లెళ్లకు సోషల్ చూసే పని నాకు పడింది. వాళ్ల పుస్తకంలో కాకతీయులున్నారు, విజయనగర రాజులున్నారు, మొగలులున్నారు. ఆ కాలంలో బయటి ప్రపంచం ఎట్లుండెనో కొంచెం తెలియాలని టీచర్ ఒక చిన్న నోట్సు కూడా ఇచ్చారు. నేనేం చేశాను? ఆ నోట్సులోంచి సంవత్సరాలు ఏరి బోర్డు మీద రాశాను. 476, 622, 1096, 1215, 1347, 1453. పదిసార్లు రాయండి అన్నాను. రాశారు పాపం. మర్నాడు స్లిప్ టెస్టు పెడితే ఒక చెల్లి ‘భూస్వామ్య వ్యవస్థ 476లో మరణించెను, అతని తరువాత 1453 వచ్చెను’ అని రాసింది. మేం పదో తరగతోళ్లం ఆ పేపరు చుట్టూ తిప్పుకొని బాగా నవ్వుకున్నాం. రాత్రి పడుకున్నాక తోచింది, ఆ జవాబు ఆ పిల్లది కాదు, నేను చెప్పిన పాఠమే అట్లుంది అని.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. చివరి వరుసలో కూర్చునే చెల్లి లేచి ‘‘అక్కా, మధ్య యుగం అంటే దేని మధ్య?’’ అని అడిగింది. నాకు తెల్వదు. తెల్వదని చెప్పడానికి నామోషీ. ‘‘అది పరీక్షలో రాదు, కూసో’’ అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. మళ్లీ ఏమీ అడగలేదు, ఇప్పటిదాకా.

ఈ వ్యాసం ఆ చెల్లికి జవాబు అనుకోండి. ఆలస్యమైన జవాబు.

‘మధ్య’ అన్న మాట ఐరోపా వాళ్లది. పడమటి రోము సామ్రాజ్యం 476లో కూలింది. దాదాపు వెయ్యేళ్ల తరువాత అక్కడి పండితులకు పాత గ్రీకు, రోము చదువుల మీద మళ్లీ ప్రేమ పుట్టింది. ఆ పాత గొప్ప కాలానికీ, మా కొత్త కాలానికీ నడుమ ఉన్నదంతా మధ్య కాలం అని పేరు పెట్టుకున్నారు. అంటే అది వాళ్ల నడుమ. మనకి 476లో ఏం కూలింది? ఏమీ లేదు. గుప్తుల కాలం అప్పటికింకా ముగియలేదు. 1453లో టర్కులు కాన్‌స్టాంటినోపుల్‌ని పట్టుకుంటే ఐరోపాకి మధ్య యుగం అయిపోయిందంటారు. మన పుస్తకాల్లో మాత్రం 1526లో వచ్చిన బాబరు కూడా మధ్య యుగంలోనే ఉన్నాడు! ఒకే పేరు, రెండు లెక్కలు. ఈ సంగతి ముందు చెప్పకుండా సంవత్సరాలు బట్టీ పట్టిస్తే పిల్లల తలలో గందరగోళం కాక ఏమవుతుంది?

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లకు మధ్య యుగపు ప్రపంచ చరిత్ర రోముతో మొదలుపెట్టొద్దు. మల్ఖేడ్‌తో మొదలుపెట్టాలి.

మల్ఖేడ్ ఎక్కడిది అంటారా? తాండూరులో వాడి వైపు పోయే రైలెక్కండి. సేడం వస్తుంది. సేడం దాటితే మల్ఖేడ్ రోడ్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. మన అనంతగిరి గుట్టల నుంచి మూసీ తూర్పుకు హైదరాబాదు దిక్కు పోతే, కాగ్నా పడమరకు తాండూరు పక్కగా పోతుంది. అదే కర్ణాటకలో కాగిణా. ఆ ఒడ్డునే మల్ఖేడ్ కోట. ఇప్పుడు పాత గోడలు, ఒక జైన బసది ఉన్న ఊరు. 9వ శతాబ్దంలో దాని పేరు మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని.

851లో అరబ్బు వర్తకుల వృత్తాంతం ఒకటి తయారైంది. సులేమాన్ అనే వర్తకుడి పేరుతో చెప్తారు. అందులో ప్రపంచంలో నలుగురు గొప్ప రాజులున్నారని ఉంది. మొదటివాడు బాగ్దాదు ఖలీఫా. రెండు చైనా చక్రవర్తి. మూడు కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి. నాలుగోవాడు బల్హరా. బల్హరా అంటే వల్లభరాజు, రాష్ట్రకూటుల బిరుదు. ఆ సంవత్సరం గద్దె మీదున్నది అమోఘవర్షుడు, మల్ఖేడ్‌లో ఉండి ఏలినవాడు.

చెల్లెళ్లారా, ఒక్కసారి ఆలోచించండి. ఈ ఒక్క జాబితా చాలు, బోర్డు మీద ప్రపంచ పటం గీయడానికి. బాగ్దాదు పెట్టాలి, చైనా పెట్టాలి, కాన్‌స్టాంటినోపుల్ పెట్టాలి, నాలుగో చుక్క మన రైలు లైను మీద పెట్టాలి. ఇక ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. బాగ్దాదు వాడికి మల్ఖేడ్ రాజు సంగతి ఎట్ల తెలిసింది? ఓడల్లో. ఓడలు ఏ రేవుకి వచ్చేవి? ఏం కొనేవారు? ఏ గాలికి వచ్చి ఏ గాలికి పోయేవారు? భూగోళం పాఠం కూడా ఇందులోనే అయిపోతుంది.

నేను మొన్న అట్లే చేసి చూశాను. నలభై నిమిషాల్లో ఒక్కరూ కునుకు తీయలేదు. సాయంత్రం స్టడీ అవర్‌లో ఇది ఎంత పెద్ద సంగతో వార్డెన్ మేడం గారికి నేను చెప్పక్కర్లేదు.

అయితే ఒక మాట. ఇది గొప్పలు చెప్పుకోడానికి కాదు. మా క్లాసులో ఒకామె వెంటనే ‘‘అయితే మనమే నంబర్ ఫోర్’’ అని చప్పట్లు కొట్టింది. ఆగాలి. ఆ రాజు అరబ్బు వర్తకులను బాగా చూసుకున్నాడు, కాబట్టి వాళ్లు అతన్ని మెచ్చుకున్నారు. అదే రాజ్యంలో దున్నేవాడు ఆయన్ని ఏమనుకున్నాడో ఎవరూ రాయలేదు. రాసినవాడు ఎవరు, ఎందుకు రాశాడు అని అడగడం కూడా పాఠమే. దీనికి ఇంకా మంచి ఉదాహరణ మార్కోపోలో. ఆయన 13వ శతాబ్దం చివర మోటుపల్లి రేవు గురించి రాశాడు, ఆ రాజ్యాన్ని ఏలిన రాణిని ఎంతో మెచ్చుకున్నాడు. కాని ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. రుద్రమదేవి గణపతిదేవుని కూతురు గదా! ఏడో తరగతి పిల్లకి ఈ తప్పు పట్టుకోవడం వచ్చు, ఎందుకంటే కాకతీయుల పాఠం తనకి తెలుసు. అంత పేరున్న యాత్రికుని తప్పు పట్టుకున్న పిల్ల ఇక చరిత్రకు భయపడదు.

లెక్కల సార్ ఈ పత్రిక చదువుతారని తెలుసు, ఆయన కోసం ఒక పేరా. అమోఘవర్షుని కాలంలోనే, ఇంచుమించు 850లో, మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. రుణ సంఖ్యకు వర్గమూలం ఉండదని అందులో చెప్పాడు. దాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అంతకు కొంచెం ముందు, దగ్గర దగ్గర 825లో, బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ మన దేశపు అంకెలతో లెక్క చేయడం ఎట్లో పుస్తకం రాశాడు. ఆ అంకెలు అరబ్బుల ద్వారా పడమరకు పోయాయి. ఇటలీలోని పీసా ఊరి ఫిబొనాచ్చి 1202లో ఆ లెక్కలు ఐరోపా వర్తకులకు విడమరిచి చెప్పాడు. మా పిల్లలకి నేను XLVIII ని XIX తో గుణించమని ఇచ్చాను. అంకెల్లోకి మార్చకుండా చేయాలి అన్నాను. ఐదు నిమిషాలకే పెన్నులు కింద పెట్టారు. సున్నా ఎందుకు ప్రయాణం చేసిందో వేరే చెప్పాల్సిన పని పడలేదు. కాగితం కూడా అట్లాంటిదే. చైనాలో పుట్టి, సమర్‌కండ్ మీదుగా 8వ శతాబ్దంలో బాగ్దాదు చేరింది. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ డ్రాయింగ్ షీటుకి అది ముత్తాత.

ఇక భూస్వామ్య వ్యవస్థ. స్లిప్ టెస్టులో చనిపోయింది ఇదే. పుస్తకాల్లో కోట బొమ్మ, గుర్రం మీద కవచం తొడుక్కున్న వీరుడి బొమ్మ ఉంటాయి. పిల్లలు సినిమా అనుకుంటారు. నేను వికారాబాదు పేరు అడిగాను. ఆ పేరు ఎట్ల వచ్చింది? పైగా నవాబు వికార్ ఉల్ ఉమ్రా పేరు మీద వచ్చింది. పైగా వంశం వారికి నిజాం జాగీరులిచ్చాడు, వాళ్లు బదులుగా నిజాం కోసం సైన్యాన్ని పోషించాలి. పైవాడు భూమి ఇస్తాడు, కిందివాడు కత్తి ఇస్తాడు, ఇద్దరి బరువూ దున్నేవాడు మోస్తాడు. ఐరోపా ప్రభువుల సంగతి కూడా ముఖ్యంగా ఇదే. తేడాలున్నాయి, అవి కూడా చెప్పాలి. అక్కడ సెర్ఫు అనే రైతు ప్రభువు అనుమతి లేకుండా ఆ భూమి విడిచి పోరాదు. ఇక్కడి జాగీరు పైవాడు ఇచ్చింది, పైవాడు తీసుకోనూ గలడు. అయినా వెట్టి అన్న మాట చెప్పగానే నలుగురైదుగురు ‘‘మా తాత చెప్తడు అక్కా’’ అన్నారు. హైదరాబాదు రాజ్యంలో జాగీరులు 1949లో రద్దయ్యాయి. తాతల నోట విన్న మాటతో పన్నెండో శతాబ్దపు ఫ్రాన్సు రైతు అర్థమయ్యాడు. ఇంతకంటే ఏం కావాలి?

1347లో మొదలైన నల్ల మహమ్మారి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నాలుగైదేళ్లలో ఐరోపాలో మూడో వంతు జనం పోయారంటే పిల్లలు నమ్ముతారు, 2020లో హాస్టళ్లు మూసి అందరినీ ఇంటికి పంపిన రోజులు వాళ్లకింకా గుర్తే. క్వారంటైన్ అన్న మాట ఆ కాలపు రేవుల్లో ఓడలను నలభై రోజులు ఆపడం నుంచి వచ్చిందంటే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. పాఠం అయ్యాక మా తండా దగ్గరి తండా పిల్ల ఒకామె ‘‘ఇందులో మనోళ్లు ఎక్కడున్నరు అక్కా? రాజులే ఉన్నరు’’ అంది. ఈసారి కూసో అనలేదు. జవాబు వెతికాను, దొరికింది.

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఉత్తర దేశంలో పోతూ ఒక బంజారా తండాను చూశాడు. తండా అనే మాటే రాశాడు. పద్నాలుగు వేల ఎద్దులు, అన్నిటి మీదా ధాన్యం! పెళ్లాం పిల్లలు అందరూ వెంటే నడుస్తున్నారు. జహంగీరు కూడా తన జ్ఞాపకాల్లో బంజారాలు ఎద్దుల మీద ధాన్యం తెచ్చి పట్నాల్లో అమ్ముతారని రాసుకున్నాడు. ఇంకా వెనక్కి పోతే, అల్లావుద్దీన్ ఖిల్జీ ఢిల్లీ అంగళ్లకు ధాన్యం చేరవేయించిన వర్తకులు బంజారాలేనని చరిత్రకారులు చెప్తారు. ఎరుకల వాళ్లు కూడా ఉప్పు, ధాన్యం మోసుకొని ఊరూరా వ్యాపారం చేసినవాళ్లే. రాజుల యుద్ధాలు మనం చదువుతాం. లక్ష మంది సైన్యం పొద్దున లేచి ఏం తిన్నది? ఎవరు తెచ్చి పెట్టారు? ఆ ప్రశ్న వేస్తే మన తాతల తాతలు పుస్తకంలోకి నడిచి వస్తారు, ఎద్దుల గంటలతో సహా.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. రైళ్లు వచ్చాక మూటలెద్దుల పని పోయింది. మల్ఖేడ్‌కి మనల్ని తీసుకుపోయే రైలు, మన తండాలను ఒకచోట కూర్చోబెట్టిన వాటిల్లో ఒకటి. ఇది చెప్పినప్పుడు ఆ పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘‘ఎద్దుకు ఎంత బరువు ఎత్తేటోళ్లు?’’ అని అడిగింది. దసరా సెలవులకి పోయినప్పుడు నాయనమ్మను అడిగి రా అన్నాను.

ఇట్ల చెప్తే సిలబస్ అయిపోదు అని కొందరు టీచర్లు అంటారు. నిజమే, అన్నీ అయిపోవు. జపాను సమురాయిలు మిగిలిపోతారు. 1324లో బంగారం మూటలతో మక్కాకు పోయిన మాలీ రాజు మూసా మిగిలిపోతాడు. మిగలనీండి. నేను పదిసార్లు రాయించిన ఆరు సంవత్సరాల్లో ఇప్పుడు ఎన్ని గుర్తున్నాయో నిన్న అడిగాను. ఒక్కరికి రెండు వచ్చాయి. నలుగురు రాజుల జాబితా మాత్రం అందరూ వరుసగా చెప్పారు, మెస్సులో వడ్డించే అక్కతో సహా. ఆమె కిటికీ దగ్గర నిలబడి విన్నదట.

పెద్దలకు నా మనవి రెండే. ఒకటి, ఏడో తరగతి వాళ్లను ఒక ఆదివారం మల్ఖేడ్ తీసుకుపోనివ్వండి. ఒక టీచర్, ఇద్దరం పదో తరగతి వాళ్లం వెంట ఉంటాం. పులిహోర ఇక్కడే కట్టుకుంటాం. రాత్రి హాజరుకి తిరిగొస్తాం. రెండు, భోజనాల హాల్లో ఖాళీగా ఉన్న ఉత్తరపు గోడ మీద పెద్ద ప్రపంచ పటం అతికించడానికి అనుమతి ఇవ్వండి. మేకులు కొట్టం, మైదా జిగురే వాడతాం.

పటం మేమే గీస్తాం. నాలుగు డ్రాయింగ్ షీట్లు దొరికాయి. నీలం స్కెచ్ పెన్నులు ఒక్కటి కూడా లేవు, సముద్రం చాలా ఉంది. ఎవరి పెట్టెలో ఉన్నా శనివారం లోపు తెచ్చివ్వండి. చివరి వరుస చెల్లీ, చుక్కలు పెట్టే పని నీది. మల్ఖేడ్ చుక్క ఎర్రది పెట్టు.

— పదో తరగతి విద్యార్థిని