ఆఫీసుకు, గోదాముకు నడుమ తీగ కావలెనా?

మా సంఘపు ఆఫీసు రోడ్డుకు ఈవల, నూలు గోదాము ఆవల. నడుమ దూరము సుమారు 80 మీటర్లు. గోదాములో చిలపలు తూచి ఇచ్చినను, నేసిన చీరలు పుచ్చుకొన్నను, ఆ లెక్క అక్కడి కంప్యూటరులో ఎక్కి, రోడ్డు క్రింద పాతిన రాగితీగ గుండా ఆఫీసుకు చేరవలెను. చేరిన పిమ్మటనే మజూరీ తేలును. శనివారమున తీగ తెగినచో ఏమగునో మగ్గము మీద బ్రతుకు మనవారికి చెప్పనక్కరలేదు. అంగడివాడు సోమవారము వరకు ఆగడు.

మా రాయచూరు జిల్లా నల్లరేగడి ఎండకు నెఱ్ఱెలు విచ్చును, వానకు ఉబ్బును. అందులో పాతిన గొట్టము కుదురుగా ఉండదు. పైగా నీళ్ళకని ఒకరు, మురుగుకని మరొకరు రోడ్డు త్రవ్వుచునే యుందురు. తెగిన పడుగుపోగును మన ఆడవారు క్షణములో అతుకుదురు గాని ఈ తీగ అటువంటిది కాదు. లోపల 4 జతల రాగి పోగులు, జతకొక తీరు మెలి. అతికినచోట మెలి చెడి లెక్కలు తడబడును. ఇక పిడుగు దగ్గరలో పడిన చాలు, ఆ రాగి వెంట రెండు కట్టడముల యంత్రములకును దెబ్బ.

కనుక రెండు మిద్దెల మీద రెండు చిన్న రేడియో పెట్టెలు ఎదురెదురుగా బిగించి, తీగను మానుటే మేలని మా అభిప్రాయము. లైసెన్సు చిక్కు లేదు. 5 గిగాహెర్ట్జ్ తరంగములను శక్తి పరిమితికి లోబడి ఆరుబయట కూడ లైసెన్సు లేక వాడుకొనుటకు కేంద్ర ప్రభుత్వము 2018 అక్టోబరులో అనుమతించినది.

ఫైబరు అనెడి గాజుపోగు తీగ ఇంకను మంచిది కదా అని కుర్రవారు అందురు. నిజమే, దాని వెంట పిడుగు దెబ్బ ప్రాకదు. కాని మరల అదే రోడ్డు త్రవ్వి, అదే నల్లరేగడిలో పాతవలెను గదా!

లెక్కలు గాలిలో పోయిన దొంగచేతికి చిక్కవా అని పెద్దలు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్న. పెట్టెలు లెక్కను గూఢలిపిగా మార్చి పంపును. తాళపుమాట తెలియనివానికి అది అర్థము కాదు. అయితే పెట్టెతో వచ్చిన మాటనే ఉంచినచో, తాళము వేసి చెవి గుమ్మానికే తగిలించినట్లు. దానిని మార్చి, కవరులో సీలు వేసి అధ్యక్షుల బీరువాలో పెట్టవలెను. బిగించినవానికొక్కనికే తెలిసియుండరాదు. ఒకమారు మా కంప్యూటరు తాళపుమాట ఎరిగిన కుర్రవాడు ఊరు విడిచిపోగా పది దినములు అవస్థపడితిమి.

గోదాము ముందరి వేపచెట్టు మాట మరువరాదు. పచ్చియాకులోని నీరు తరంగమును మ్రింగును. ఆకు రాలిన దినములలో బిగించి బాగున్నదనుకొన్నచో, ఉగాది చిగురుకు లెక్కలు నిలిచిపోవును. మా దూరమునకు చూపువరుస చుట్టును కనీసము 2 అడుగులు ఖాళీ ఉండవలెను. చెట్టు కొట్టుదమనుటకు మేము ఒప్పము. నూలుకై వచ్చు స్త్రీలు కూర్చుండునది ఆ నీడనే. స్తంభము ఎత్తు చేయుదము. దానికి ఎర్తింగు, రెండు చోట్లను బ్యాటరీ తప్పవు.

ఇంత చేసినను పెట్టె పలుకని శనివారము రాకపోదు. ఆనాడు గోదాము గుమాస్తా చేతిపుస్తకమును ఆఫీసుకు తెచ్చుటయు, దానిని బట్టియే సాయంత్రములోగా మజూరీ చెల్లించుటయు నియమముగా వ్రాసికొనవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున పెట్టెల కొనుగోలును, ఈ నియమమును ఒకే తీర్మానముగా పెట్టుచున్నాము.