పట్టీల చాటున తాతయ్య

పెళ్లి వీడియోలో సీను మారేటప్పుడు తెరకు అడ్డంగా రంగురంగుల పట్టీలు దూసుకెళ్తాయి, చూశారా? ఆ హంగామా అంతా అతుకు కనబడకుండా ఉండటానికే! ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పారదర్శకమైన బ్యాక్‌గ్రౌండ్ ఉన్న పట్టీల క్లిప్పును పై ట్రాకులో పెడతారు. అవి తెరంతా కప్పేసిన ఫ్రేము దగ్గరే కింది ట్రాకులో కట్ పడాలి. ముందో వెనకో పడిందా, సందుల్లోంచి గుట్టు బయటపడుతుంది. పాటలకూ, ఊరేగింపుకూ ఎన్నయినా వేసుకోవచ్చు. కానీ సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో రెండు సెకన్ల పట్టీలంటే 50 ఫ్రేముల మీద రంగు పడినట్టే. మా ఇంటి పెళ్లిలో తాతయ్య అక్షింతలు వేసిన క్షణం సరిగ్గా వాటి కిందే పోయింది. ఆయన కనిపించే వీడియో అదొక్కటే. ఎడిటర్‌ దగ్గరికి పరిగెత్తితే, అసలు ఫుటేజీ ఇంకా చెరపలేదన్నాడు. బతికాం! పట్టీలు తీసేసి మామూలు కట్ పెట్టించాం. ఇప్పుడు గింజలు రాలేదాకా తాతయ్య చెయ్యి కనిపిస్తుంది. అమ్మ అక్కడే రిమోట్ నొక్కి ఆపుతుంది.