నూరు గజాల అవతల నుంచి హీరోగారి పిస్తోలు

మారేడ్‌పల్లి నుంచి ఒక కుర్రవాడు ఉత్తరం రాశాడు. "సార్! మా బావకీ నాకూ పందెం పడింది. గుర్రం మీద వస్తున్న హీరో, నూరు గజాల అవతల నిలబడ్డ విలన్ చేతిలోని తుపాకిని తన పిస్తోలుతో ఎగరగొట్టడం జరిగే పనేనా? జరుగుతుందని నేను, చస్తే జరగదని బావ. ఓడినవాడు ప్యారడైజ్‌లో బిర్యానీ తినిపించాలి. మీరే తేల్చాలి."

బిర్యానీ వ్యవహారం కాబట్టి తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. తీర్పు తర్వాత చెబుతాను, ముందు తెర మీద సంగతి చూద్దాం.

మన తెలుగువాళ్ళకి ఈ పిస్తోలు పిచ్చి పట్టించినవారు నటశేఖర కృష్ణగారే. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో "మోసగాళ్ళకు మోసగాడు" వచ్చాక ప్రతి కుర్రవాడి చూపుడువేలూ పిస్తోలైపోయింది. 2023 మే 31న కృష్ణగారి పుట్టినరోజుకి ఆ బొమ్మ మళ్ళీ థియేటర్లకు వచ్చింది. తాతలు మనవళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆ తర్వాత చిరంజీవిగారి "కొదమసింహం" (1990), మహేష్‌బాబు "టక్కరి దొంగ" (2002)... హీరోలు మారారుగానీ పిస్తోలు మాత్రం గురి తప్పలేదు! సికింద్రాబాద్ వాళ్ళ సంగతి వేరే చెప్పాలా? ఇప్పుడు లేని మన సంగీత్ థియేటర్లో ఇంగ్లీషు బొమ్మలు చూసి పెరిగినవాళ్ళం. క్లింట్ ఈస్ట్‌వుడ్ చుట్ట నములుతూ కళ్ళు చికిలిస్తే చాలు, మన ముందు వరసలో ఈలలు.

అన్నట్టు, ఒక చిన్న సంగతి గమనించారా? "ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ"లో ఈస్ట్‌వుడ్ దూరం నుంచి ఉరితాడు తెంపుతాడు చూశారూ, అది పిస్తోలుతో కాదు. రైఫిలుతో! అంత గొప్ప గురికాడికి కూడా దూరం పని పడితే భుజానికి ఆనించుకునే తుపాకే కావలసి వచ్చింది. మన హీరోలకి మాత్రం ఆ బాధ లేదు. నడుం దగ్గర నుంచే పేల్చి, పొగ ఊది, ఒరలో పెట్టేస్తారు.

తెర మీద దూరాన్ని సృష్టించేది తూటా కాదు, ఎడిటరుగారి కత్తెర. ఒక షాట్‌లో హీరో పేలుస్తాడు. అందులో ఉండేది బ్లాంకు, అంటే మందు ఉంటుందిగానీ తూటా ఉండదు. ఇంకో షాట్‌లో సీసా పగులుతుంది. అది స్క్విబ్ అనే చిన్న పేలుడు గుళిక మహిమ. ఈ రెండు షాట్లూ వేరువేరు రోజుల్లో, వేరువేరు ఊళ్ళలో తీసినా మనకు తెలియదు. మధ్యలో "ఢాం" అని ఒక శబ్దం అతికిస్తే నూరు గజాలు తయార్.

మరి నిజంగా ఎవరూ కొట్టలేదా? కొట్టారు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో, 1865 జులై 21న, వైల్డ్ బిల్ హికాక్ అనే ఆసామికీ డేవిస్ టట్ అనేవాడికీ నడిబజార్లో తగాదా వచ్చింది. పేకాట బాకీ దగ్గర మొదలై జేబు గడియారం దాకా పోయిన తగాదా. ఇద్దరి మధ్య దూరం సుమారు 75 గజాలు. ఇద్దరూ పేల్చారు. టట్ తూటా గురి తప్పింది, హికాక్‌ది ఛాతీలో దిగింది. కౌబాయ్ సినిమాల్లో ఎదురెదురుగా నిలబడే సీన్లన్నిటికీ ముత్తాత ఇదే. అంత దూరంలో ఒక్క తూటాకే తగలడం ఆ రోజుల్లోనే పెద్ద వింత, అందుకే నేటికీ చెప్పుకుంటున్నారు. రోజూ జరిగే పనైతే ఎవడు గుర్తు పెట్టుకుంటాడు?

ఎందుకింత కష్టం? ఇది నాకు విడమరచి చెప్పింది తిరుమలగిరిలో ఉండే ఒక రిటైర్డ్ సుబేదారుగారు. మిలిటరీ మీసం, చేతిలో ఇరానీ చాయ్. సాసరు ఎత్తి పిస్తోలు పట్టినట్టు పట్టుకుని చెప్పారు. "తమ్మీ, పిస్తోల్‌కి రెండు సైట్లుంటయ్. గొట్టం కొసకి ముందుది, నీ దిక్కు వెనకది. ఆ రెంటి నడుమ జానెడు గూడ ఉండదు. ఆడ నీ చెయ్యి వెంట్రుకంత కదిలిందనుకో, అవతల ఎంతైతదో లెక్క కట్టుకో."

లెక్క కట్టాను. సైట్ల మధ్య 16 సెంటీమీటర్లు అనుకోండి. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే, 10 మీటర్ల దగ్గర తూటా 6 సెంటీమీటర్లు తప్పుతుంది. పర్వాలేదు, విలన్‌గారికి ఎక్కడో ఒకచోట తగుల్తుంది. 50 మీటర్ల దగ్గర 31 సెంటీమీటర్లు. నూరు గజాల దగ్గర అర మీటరు పైమాటే, విలన్ పక్కనున్న జూనియర్ ఆర్టిస్టు పోతాడు! మిల్లీమీటరంటే మన రూపాయి బిళ్ళ మందం కూడా కాదు. దానికి తోడు తూటా కూడా రాయిలాంటిదే, కిందికి దిగుతూ పోతుంది. 9 ఎం.ఎం. పిస్తోలు తూటా నూరు గజాలు పోయేసరికి, గొట్టం చూపించిన గీత కన్నా 35, 40 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. గుండెకి గురిపెడితే బెల్టుకి తగుల్తుందన్నమాట. ఇక గుర్రం మీదుంటే... ఆ లెక్క నా వల్ల కాదు.

ఇంకో రహస్యం కూడా చెప్పారు సుబేదారుగారు. సినిమాలో హీరో విలన్ కళ్ళల్లోకి గుడ్లురిమి చూస్తాడు కదా, నిజంగా పేల్చేవాడు గురిని చూడడు. ముందు సైటు మొననే చూస్తాడు. అవతలి గురి మసకగా కనిపించాలి. కొట్టదలుచుకున్నదాన్ని వదిలేసి, చేతిలో ఉన్నదాన్ని చూడాలి. మిలిటరీవాళ్ళు దీన్ని శిస్త్ తీసుకోవడం అంటారు. క్లోజప్‌లో ఇది అస్సలు బాగుండదు లెండి. హీరోగారికి మెల్లకన్ను అనుకుంటారు.

ఒకసారి ఒక రేంజిలో పద్ధతి ప్రకారం, పక్కన నేర్పేవారుండగా, .22 పిస్తోలు పట్టుకునే అవకాశం నాకు దొరికింది. 10 మీటర్ల దగ్గర అయిదు పేలిస్తే అయిదూ కాగితం మీదే, అరచెయ్యంత మేరలో. కాలర్ ఎగరేశాను. బోనాల జాతరలో బుడగలు కొట్టే దుకాణం దగ్గర మనమందరం కృష్ణలమే కదా! 25 దగ్గర అవే అయిదు విస్తరాకంత అయ్యాయి. 50 దగ్గర అయిదింట్లో రెండు కాగితం మీద కనబడ్డాయి, మిగతా మూడూ వెనక మట్టిదిబ్బకి అంకితం. అయినా చెబుతున్నాను, ఆ రెంటిలో ఒకటి నల్లటి గుండ్రంలో పడిందని దుర్భిణిలో చూసినప్పుడు కలిగిన సంతోషం, దగ్గర కొట్టిన అయిదింటికీ కలగలేదు. సుబేదారుగారితో అంటే నవ్వారు. "దగ్గర కొడితే పిస్తోల్ నిన్ను పొగుడ్తది తమ్మీ. దూరం కొడ్తె నీ సంగతేందో చెప్తది."

ఆ సరదా కోసమే పుట్టిన పోటీ ఒకటుంది, 50 మీటర్ల పిస్తోలు. ఫ్రీ పిస్తోలు అని కూడా అంటారు. 50 మీటర్లంటే ఎంతో తెలియాలంటే సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్ళి నిలబడ్డ రైలు చూడండి. రెండు బోగీలు దాటి ఇంకాస్త. అంత దూరంలో పది మార్కుల గుండ్రం వెడల్పు 5 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఉస్మానియా బిస్కెట్ అంత. నిలబడాలి, ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, ఆనుకోవడానికి ఏమీ ఉండదు. ఒక్కొక్క తూటా పెట్టుకుంటూ 60 సార్లు కొట్టాలి. ఆ పిస్తోలు చూస్తే మన హీరోలు ముట్టుకోరు. గొట్టం పొడుగ్గా, చెక్క పిడి చెయ్యంతా కప్పేసేలా, ఏదో వడ్రంగి పనిముట్టులా ఉంటుంది.

600కి 600 ఎవరూ కొట్టలేదు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్ ఆటగాడు మెలెంతియెవ్ 581 కొడితే, ఆ రికార్డు 34 ఏళ్ళు నిలిచింది. 2014లో దక్షిణ కొరియావాడు జిన్ జోంగ్-ఓ 583 కొట్టాడు. ఇదే జిన్ 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో 594 కొట్టినవాడు. మనిషి ఒకడే, చెయ్యి ఒకటే. గాలి, దూరం కలిసి అతనంతటివాడి దగ్గర 11 మార్కులు లాక్కున్నాయి.

జిన్ కథ వింటే మన రచయితలు స్క్రీన్‌ప్లే రాసేస్తారు. 2008 బీజింగ్, 2012 లండన్, రెండుసార్లూ 50 మీటర్ల స్వర్ణం అతనిదే. 2016 రియోలో మూడోసారి ఫైనల్‌కి వచ్చాడు. 10.9 దాకా రావడానికి వీలున్న చోట, తొమ్మిదో తూటాకి 6.6! అంతటి స్థాయిలో 6.6 అంటే స్టార్ హీరో డైలాగు మర్చిపోయి నిలబడ్డట్టే. ఒక్కొక్కరే ఎలిమినేట్ అయిపోయే ఫైనల్ అది, తర్వాతి వంతు తనదే అనుకోవాలి. అతను అక్కడి నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి స్వర్ణం కొట్టాడు. ఒకే పోటీలో వరసగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు షూటింగ్‌లో అంతకుముందు ఎవరికీ లేవు.

క్లైమాక్స్ బాగుందా? ఇంటర్వెల్ తర్వాత కథ వినండి మరి. ఆ రియోతోనే 50 మీటర్ల పిస్తోలుని ఒలింపిక్స్ నుంచి తీసేశారు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ సమానంగా పోటీలుండాలని, జంటల పోటీలు పెట్టాలని కారణం. ఆ కారణాన్ని నేను కాదనను. కానీ పిస్తోలు పట్టిన మనిషిని అన్నిటికన్నా దూరం నుంచి పరీక్షించే పోటీనే బలి ఇవ్వడం నాకు మింగుడుపడలేదు.

అమెరికాలో దూరం సరదా ఇంకోరకం. ఇనుప రేకుతో చేసిన కోడిని 50 మీటర్లలో, పందిని 100లో, టర్కీ కోడిని 150లో, పొట్టేలుని 200లో నిలబెడతారు. తగిలితే చాలదు, పడిపోవాలి! 200 మీటర్లంటే దాదాపు తొమ్మిది రైలు బోగీలు. జెర్రీ మిక్యులెక్ అనే గురికాడు రివాల్వరుతో 1000 గజాల దూరం కూడా కొట్టి చూపించాడు. దేనికి పనికొస్తుంది అంటారా? సూటిగా చెప్పాలంటే ఎందుకూ పనికిరాదు. అంత దూరంలో ప్రమాదం ఉంటే పిస్తోలు తియ్యడం కాదు, పరిగెత్తడం తెలివైన పని. పనికొచ్చేది ఒక్కటే. 50 మీటర్ల దగ్గర తన వేలి తప్పు కనిపెట్టినవాడికి, 10 మీటర్ల దగ్గర ఆ తప్పు జరగదు.

కుర్రాడా, నీ తీర్పు ఇదిగో. నేల మీద నిలబడి, నిదానంగా, ఏళ్ళ తరబడి సాధన చేసినవాడు నూరు గజాల్లో మనిషంత గురిని కొట్టగలడు. పరిగెత్తే గుర్రం మీద నుంచి చేతిలోని తుపాకిని ఎగరగొట్టడం మాత్రం కత్తెర పనే. బిర్యానీ బావగారిదే, మిర్చీ కా సాలన్ ఇంకాస్త అడగమను.

ఈ వ్యాసం చదివి ఎవరూ మౌలాలి గుట్ట ఎక్కి ప్రయోగాలు చెయ్యకండి. చిన్న .22 తూటా కూడా కిలోమీటరు దాటిపోతుంది, అది ఎవరి డాబా మీద దిగుతుందో మీకు తెలియదు. పైగా లైసెన్సు లేకుండా అలాంటిది చేత్తో పట్టుకుంటే కేసు. సరదా ఉంటే దారి ఉంది. క్లబ్బుకి వెళ్ళి 10 మీటర్ల ఎయిర్ పిస్తోలుతో మొదలుపెట్టండి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ గచ్చిబౌలి రేంజిలో సాధన చేసి, 2018లో పదమూడేళ్ళకే మను భాకర్, హీనా సిద్ధూ ఉన్న పోటీలో జాతీయ చాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. 25 మీటర్ల పోటీలో ఒక భాగంలో గురి కనిపించేది మూడే మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో చెయ్యి కింద నుంచి లేవాలి, తూటా వెళ్ళాలి. నడుం దగ్గర నుంచి కాదు సుమండీ!

ఆగండి, ఫ్రీ పిస్తోలు పూర్తిగా చచ్చిపోలేదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఇంకా కొడుతున్నారు. 2025 నవంబరులో కైరోలో ఆ స్వర్ణం కొట్టినవాడు మనవాడే, సైన్యంలో పనిచేసే రవీందర్ సింగ్. పేపర్లో ఆ వార్త చూపిస్తే సుబేదారుగారు రెండో చాయ్ చెప్పారు. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.