జనం వేరు, బేరం వేరు

పుత్తూరు: ఖరీదైన పిల్లల దుస్తుల అంగడి పుత్తూరులో పెట్టాలని ఉబలాటపడే యువకులు ముందుగా రెండు సంగతులు తేల్చుకోవలసి ఉన్నది. అంగడి ఏ వీధిలో పెట్టాలి? పోటీ ఎవరితో? ఇవి తేలకముందే అమ్మ మెడలోని బంగారం కుదువపెట్టి గదికి అడ్వాన్సు ఇచ్చేయడం కళ్లు మూసుకొని బావిలో దిగడమే కాగలదు.

పుత్తూరులో జన సంచారానికి లోటు లేదు. చెన్నై - తిరుపతి రోడ్డు, రైలు రెండూ ఉన్నాయి. పుత్తూరు కట్టు కోసం ఎముకలు విరిగినవారు దూర ప్రాంతాల నుండి వస్తారు. నారాయణవనం వైపు ఇంజనీరింగు విద్యార్థులు తిరుగుతుంటారు. ఈ సందడి చూసి మోసపోరాదు. చేయి విరిగి వచ్చినవాడు గౌను బేరమాడడు. కాలేజీ కుర్రవాడికి పిల్లలు లేరు. తిరుమలకు పోయే కారు దారిలో పట్టుపావడ కోసం ఆగదు.

లెక్కపెట్టవలసింది పిల్లలను చంకనెత్తుకొని వచ్చే తల్లులను. పిల్లల డాక్టరు, చీరల అంగళ్లు, నగల అంగళ్లు ఉండే వీధుల్లోనే వారు నడుస్తారు. పెద్ద రోడ్డు పక్కన అద్దాల మేడకంటె అటువంటి వీధిలో చిన్న గది మేలు. ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం అక్కడ నిలబడి చూస్తే తెలిసిపోతుంది. పక్కన బట్టల అంగళ్లు ఉన్నాయని జంకనవసరం లేదు. తిరుపతి గాంధీరోడ్డులో, చెన్నై రంగనాథన్ వీధిలో అంగళ్లు ఒకదాని నొకటి ఆనుకొనే ఉన్నాయి. నాలుగు అంగళ్లు చూడవచ్చుననే జనం అక్కడికి పోతారు.

అసలు పోటీ పక్క అంగడి కాదు, తిరుపతి బస్సు. దీపావళికి, సంక్రాంతికి ముందు సాయంకాలం బస్సు దిగేవారి చేతి సంచులమీద ఏ ఊరి అంగడి పేరున్నదో చూస్తే పోటీదారు ఎవరో తెలుస్తుంది. పుట్టు వెంట్రుకలకు తిరుమలకో, తిరుత్తణికో పోయే కుటుంబం కొత్త బట్టలు కూడా దారిలోనే కొంటుంది. ఇక సెల్‌ఫోనులో బేరం ఇంటి గడపకే వస్తున్నది.

ఖర్చు కూడా చూడాలి. అద్దె, ఇద్దరి జీతాలు, కరెంటు కలిపి నెలకు 40 వేలు అనుకుందాం. 1,100కు తెచ్చిన గౌను 1,500కు అమ్మితే 400 మిగులుతుంది. నెలకు 100 గౌనులు అమ్ముడైతే ఖర్చు మాత్రమే వెళ్తుంది, ఇంటికి పైసా రాదు. పైగా ఒక్కొక్క రకానికి ఆరు కొలతలు, రెండు రంగులు ఉంచాలి. 50 రకాలకు 600 గౌనులు, అంటే 6 లక్షల 60 వేల పెట్టుబడి. పెద్దల చీర మరుసటి ఏడు కూడా అమ్మవచ్చు. రకం పాతబడిన పిల్లల గౌను మూలపడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుండి 2,500 రూపాయల వరకు దుస్తులపై జి.ఎస్.టి. 5 శాతం, అది దాటితే 18 శాతం. కనుక అంతకు మించిన సరుకు కొద్దిగా తెచ్చుకోవడమే మంచిది.

ఇంతమాత్రాన ఆశ వదులుకోనక్కరలేదు. తిరుపతి అంగడి చేయలేని పని పుత్తూరు అంగడి చేయగలదు. కొలత చాలకపోతే మరునాడే మార్చి ఇవ్వవచ్చు. నడుము వదులైతే ఊరి దర్జీ చేత అప్పటికప్పుడే సరిచేయించవచ్చు. పేరు పెట్టి పలకరించి, పాప పుట్టినరోజు గుర్తుంచుకోవచ్చు. ముందుగా తెలిసిన బట్టల అంగడిలో ఒక పక్క రెండు బీరువాలు అడిగి, దీపావళి నుండి సంక్రాంతి వరకు అమ్మి చూడడం వివేకం. అమ్మకం నిలబడితే సొంత గది తీసుకోవచ్చు. నిలబడకపోతే పోయేది కొద్ది సరుకే, అమ్మ బంగారం అమ్మ మెడలోనే ఉంటుంది.